సంజీవయ్య పేరున్న యూనివర్సిటీలోకి పెద్దపాడు పిల్ల పోగలదా?



ఇంటర్ రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటే అడుగుతున్నారు: "అన్నా, లా చదవాలని ఉంది. లాసెట్ రాయాల్నా, క్లాట్ రాయాల్నా?" ఒక్కొక్కరికీ ఇన్‌బాక్సులో చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా. కొంచెం పొడవుంది, ఓపిక పట్టండి.

ముందు మన ఊరి మనిషి సంగతి చెప్పాలి. కర్నూలుకు ఆనుకొని కల్లూరు మండలంలో పెద్దపాడు ఉంది. 1921లో ఆ ఊళ్లో ఒక పేద దళిత కుటుంబంలో దామోదరం సంజీవయ్య పుట్టారు. మద్రాసు లా కాలేజీలో చదివి లాయరయ్యారు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఈ దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. ఆయన పేరుతో విశాఖ దగ్గర సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 2008లో చట్టం చేసి పెట్టిన యూనివర్సిటీ అది. అక్కడ ఐదేళ్ల లా కోర్సులో సీటు కావాలంటే క్లాట్ రాయాలి. ఆ క్లాట్ ఇంగ్లీషులో తప్ప ఇంకో భాషలో ఉండదు.

ఇప్పుడు నా ప్రశ్న. సంజీవయ్య పేరు పెట్టుకున్న ఆ గేటు దాటి, సంజీవయ్య ఊరి వాడలో పుట్టిన పిల్ల లోపలికి పోగలదా? రిజర్వేషన్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ రిజర్వేషన్ పని చేసేది పరీక్ష రాసిన తర్వాత. పరీక్ష దాకా పోలేని పిల్లకు రిజర్వేషన్ ఏం చేస్తుంది?

ఇది నేను కళ్లారా చూశా. కర్నూలులో ఒక హాస్టల్ మెట్ల మీద కూర్చొని ఒక చెల్లెలికి క్లాట్ మోడల్ పేపర్ చూపిస్తున్నా. వాళ్లది పడమటి మండలం. అమ్మానాన్న ఏటా సుగ్గికి గుంటూరు దిక్కు మిరపకాయ కోతలకు పోతారు. పిల్ల చిన్నప్పుడు వాళ్లతో పాటు పోయి చదువులో నెలలు పోగొట్టుకుంది. అయినా పట్టు వదలకుండా ఇంటర్ దాకా వచ్చింది. లీగల్ రీజనింగ్ పేరా ఇచ్చా. ఇంగ్లీషు, దాదాపు ఒక పేజీ. రెండు లైన్లు చదివి ఆగిపోయింది. "నాకు రాదులే అన్నా" అని పేపర్ వెనక్కి ఇచ్చింది.

అప్పుడు అదే కథ తెలుగులో చెప్పా. ఒక మిల్లు యజమాని తన స్థలంలో నీళ్ల కోసం పెద్ద కుంట కట్టించుకున్నాడు. ఆ నీళ్లు భూమి లోపలి నుంచి పోయి పక్కవాడి బొగ్గు గనిని ముంచేశాయి. కుంట యజమాని కావాలని చేయలేదు, ఏ తప్పూ చేయలేదంటున్నాడు. నష్టం ఎవరు కట్టాలి? చెల్లెలు అర నిమిషం కూడా తీసుకోలేదు. "నీళ్లు పెట్టుకున్నోడే కట్టాల కదన్నా. వాని లాభానికి వాడు పెట్టుకున్యాడు. పక్కోడు ఏం పాపం చేసినాడు?"

1868లో ఇంగ్లండులో రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ కేసులో ప్రభువుల సభ చెప్పింది ఇదే. ప్రమాదకరమైనది తన స్థలంలో పోగు చేసుకున్నవాడు, అది బయటికి పోయి నష్టం చేస్తే తప్పు లేకపోయినా బాధ్యుడే అని. 1986లో ఢిల్లీ ఒలియం గ్యాస్ లీక్ కేసులో మన సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడికి ఏ మినహాయింపూ లేదని చెప్పింది. లా స్కూళ్లలో చెప్పే ఆ పాఠం వెనుకున్న న్యాయం ఆ పిల్లకు ముందే తెలుసు. తెలియనిది ఇంగ్లీషు పేరా. మరి ఆ పరీక్ష దేన్ని కొలిచినట్టు?

కొందరు మిత్రులు అంటారు: "హైకోర్టు, సుప్రీంకోర్టు ఇంగ్లీషులోనే నడుస్తాయి కదా, ఇంగ్లీషు రాకుండా లా ఎట్లా?" నిజమే. నేను ఇంగ్లీషు వద్దనే మనిషిని కాను. అంబేద్కర్ ఇంగ్లీషులోనే వాదించారు, సంజీవయ్య మద్రాసులో ఇంగ్లీషులోనే లా చదివారు. ఇంగ్లీషు లేకపోతే మనకు ఏం నష్టమో చుండూరు చూసినవాళ్లకు తెలుసు. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో దళితులను ఊచకోత కోశారు. పోరాడి పోరాడి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఊళ్లో కోర్టు పెట్టించుకోగలిగిన వాడ, హైకోర్టులో తన కేసును తన చెవులతో అర్థం చేసుకోలేని స్థితిలో నిలబడింది. అందుకే మన పిల్లలు ఆ మెట్లు ఎక్కాలి, ఇంగ్లీషుతోనే ఎక్కాలి.

అయితే ఇంగ్లీషు నేర్పాల్సింది ఎక్కడ? లోపల, ఐదేళ్ల చదువులో. గేటు దగ్గరే ఇంగ్లీషు అడిగితే, ఇంట్లో ఇంగ్లీషు ఉన్నవాళ్లే లోపలికి పోతారు. మన బడులకు ఈ మధ్య ఇంగ్లీషు మీడియం బోర్డు వచ్చింది. బోర్డు మారినంత తొందరగా పిల్లల నోట్లో భాష మారదు.

ఇంకో మాట. డాక్టర్ కావడానికి రాసే నీట్ తెలుగులో ఉంది. ఇంజనీరింగ్ జేఈఈ మెయిన్ తెలుగులో ఉంది. లా అయిపోయాక లాయరుగా ప్రాక్టీసు చేయడానికి రాసే ఆలిండియా బార్ ఎగ్జామ్ కూడా తెలుగులో ఉంది! లాయర్ కావడానికి తెలుగు చాలు, లా స్కూల్లో చేరడానికి మాత్రం చాలదు. ఇదేం లెక్క? క్లాట్‌ను భారతీయ భాషల్లో పెట్టాలని 2023లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా అనుకూలంగానే చెప్పింది. టైం చాలదన్నది పరీక్ష పెట్టే యూనివర్సిటీల కన్సార్షియమే.

సరే, అది మారేదాకా చేతులు కట్టుకొని కూర్చోలేం. ఇప్పుడు పని మాట.

రెండు పరీక్షలూ రాయండి. లాసెట్ ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కుల్లేవు. అందులో 60 మార్కులు లీగల్ ఆప్టిట్యూడ్‌కే. అంటే సగం పేపర్ రాజ్యాంగం, చట్టాల మీదే. ఎస్సీ, ఎస్టీలకు కనీస అర్హత మార్కు లేదు. అది చూసి తేలిగ్గా తీసుకోకండి, మంచి కాలేజీ ఇచ్చేది ర్యాంకే. లాసెట్‌కు వయోపరిమితి కూడా లేదు. డిగ్రీ ఉన్న నలభై ఏళ్ల అక్క కూడా మూడేళ్ల లా కోసం రాయొచ్చు.

క్లాట్ కూడా 120 ప్రశ్నలే, కానీ 120 నిమిషాలు. నాలుగు తప్పులు రాస్తే ఒక మార్కు పోతుంది. చట్టం ముందే తెలియాల్సిన పని లేదు, సూత్రం పేరాలోనే ఇస్తారు. అసలు పరీక్ష చదివే వేగానిది. కాబట్టి ఇంటర్ ఫస్టియర్ నుంచే రోజుకొక ఇంగ్లీషు ఎడిటోరియల్ గడియారం పెట్టుకొని చదవండి. చదివింది తెలుగులో పక్కవాళ్లకు చెప్పండి. చెప్పలేకపోతే అర్థం కానట్టే, మళ్లీ చదవండి.

రాజ్యాంగం తెలుగు ప్రతి ఒక పక్క, ఇంగ్లీషు ప్రతి ఒక పక్క పెట్టుకొని 14 నుంచి 32 దాకా అధికరణలు చదవండి. 17వది అంటరానితనాన్ని రద్దు చేసింది. 32వది హక్కు పోతే నేరుగా సుప్రీంకోర్టుకు పోయే దారి. లాసెట్‌కూ పనికొస్తుంది, ఇంగ్లీషూ వస్తుంది, బతుక్కూ పనికొస్తుంది. మోడల్ పేపర్లు కన్సార్షియం వెబ్‌సైట్లో దొరుకుతాయి. పేద పిల్లలకు క్లాట్ ట్రైనింగ్ ఇవ్వడానికి ప్రొఫెసర్ షమ్నాద్ బషీర్ 2010లో మొదలుపెట్టిన ఐడీఐఏ అనే సంస్థ ఉంది, వెతకండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. సీటొచ్చి కాగితం లేక ఆగిపోయిన పిల్లలను చూశా.

ఇక ఫీజు. ఎస్సీ, ఎస్టీలకు కూడా క్లాట్ ఫీజు 3500 రూపాయలు. మిరప చేలో వంగి కాయ కోసే తల్లికి అది ఎన్ని రోజుల కూలో మీరే లెక్కేయండి. ఒక్క పరీక్షకు! ఉద్యోగాలొచ్చిన అన్నలకు, అక్కలకు నా విన్నపం: అంబేద్కర్ జయంతికి ఫ్లెక్సీ ఒకటి తగ్గించండి. ఆ డబ్బుతో మీ వాడలో ఒక్క పిల్లకు అప్లికేషన్ కట్టండి.

ఉద్యమంలో ఉన్న మిత్రులకు ఇంకో మాట. 1937 శ్రీబాగ్ ఒప్పందం నుంచి మనం హైకోర్టు అడుగుతూనే ఉన్నాం. 2024 మార్చిలో కర్నూలు జగన్నాథగట్టు మీద లా యూనివర్సిటీకి శంకుస్థాపన చేశారు. అదే ఏడు నవంబరులో ప్రభుత్వం మారాక, కర్నూలులో హైకోర్టు బెంచ్ కోసం అసెంబ్లీ తీర్మానం చేసింది. రావాలి, వాటి కోసం కొట్లాడదాం. కానీ బిల్డింగ్ వచ్చినంత మాత్రాన న్యాయం వాడకు రాదు. ఆ కోర్టులో నల్లకోటు వేసుకొని నిలబడేది ఎవరు, ఆ యూనివర్సిటీ బెంచీల మీద కూర్చునేది ఎవరు అనేది ఈ ఎంట్రన్స్ దగ్గరే తేలిపోతుంది. అందుకే మన డిమాండ్లలో ఇవి కూడా చేర్చండి: క్లాట్ తెలుగులో పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లల ఫీజు ప్రభుత్వమే కట్టాలి. సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ ఫస్టియర్ నుంచే లా కోచింగ్ ఇవ్వాలి. చేరిన పిల్లలకు మొదటి ఏడు ఇంగ్లీషు ప్రత్యేకంగా నేర్పాలి.

ఆ చెల్లెలు ఏం చేసిందని అడుగుతారేమో. పేపర్ మళ్లీ తీసుకుంది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఒక పేరా చదివి, దాని కథ తెలుగులో వాయిస్ మెసేజ్ పెడుతుంది. మొదట్లో ఒక్క పేరాకు అరగంట పట్టేది. ఇప్పుడు పది నిమిషాలు. ఇంకా చాలా తగ్గాలి, తగ్గిస్తుంది.

మీ ఊళ్లో ఇంటర్ చదివే పిల్లలకు ఇది చదివి వినిపించండి. వచ్చే భాగంలో లాసెట్ కౌన్సెలింగ్, కాలేజీల ఫీజుల సంగతి రాస్తా.

జై భీమ్.