కాగితం మరిచిపోదు

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. అలా నలభై ఏళ్లు చక్కగా అతికిన ఓ కథ అంచుని ఒక పాత సైనిక కార్డు పట్టి లాగేసింది. ఆ కథ ఎవరిదో చెప్పేముందు, ఆ కాలపు కాగితాల సంగతి కాస్త తెలుసుకుందాం.

రెండో ప్రపంచయుద్ధంలో ప్రతి జర్మన్ సైనికుడి జేబులోనూ 'జోల్డ్‌బుఖ్' అనే చిన్న పుస్తకం ఉండేది. పేరుకి జీతాల పుస్తకమే. కానీ ఏ దళంలో పనిచేశాడు, పదోన్నతి ఎప్పుడొచ్చింది, ఏ టీకాలు వేశారు, గాయపడి ఏ ఆసుపత్రిలో ఉన్నాడు, సెలవు మీద ఇంటికెప్పుడు వెళ్లాడు... అన్నీ అందులో ఎక్కాల్సిందే. 'వేర్‌పాస్' అనే మరో పుస్తకం దళం కార్యాలయంలో ఉండేది. సైనికుడు చనిపోతే దాన్ని ఇంటికి పంపేవారు. ఇక మెడలో కోడిగుడ్డు ఆకారంలో ఓ బిళ్ల. మనిషి పోతే దాన్ని రెండుగా విరిచి, సగం శవంతోనే ఉంచి, మిగతా సగం తీసుకెళ్లేవారు.

1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్‌పై పడిన బాంబులకు సైనిక దస్త్రాలు ఎన్నో బూడిదయ్యాయి. అయినా బెర్లిన్‌లో కోటీ ఎనభై లక్షలకు పైగా పేర్ల కార్డులు మిగిలాయి. 2019 నుంచి అవి జర్మనీ జాతీయ పురాలేఖాగారంలో భాగం. మా తాత యుద్ధంలో ఎక్కడున్నాడని అడుగుతూ మనవలు ఈనాటికీ అక్కడికి రాస్తుంటారు.

ఇక అసలు కథ. కుర్ట్ వాల్డ్‌హైమ్ ఆస్ట్రియా దేశస్థుడు. 1972 నుంచి 1981 దాకా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి. 1941లో రష్యాలో కాలికి గాయమైందనీ, ఆ తర్వాత వియన్నా వచ్చేసి న్యాయశాస్త్రం చదువుకున్నాననీ చెప్పుకునేవాడు. గాయం నిజం. చదువూ నిజం. మధ్యలో కొన్నేళ్లే మాయం!

1986లో ఆయన దేశాధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు 'ప్రొఫీల్' అనే వారపత్రిక ఆయన సైనిక కార్డును బయటపెట్టింది. నాజీల ఎస్.ఎ. దళంలో ఆయన సభ్యుడని అందులో ఉంది. దాని వెనకే మరిన్ని కాగితాలూ, ఫొటోలూ వచ్చాయి. గాయం మానాక, 1942లో ఆయన్ను బాల్కన్ ప్రాంతానికి పంపారు. థెస్సలోనికి దగ్గర సైనిక కార్యాలయంలో లెఫ్టినెంట్. పై అధికారి జనరల్ లోర్‌కు యుద్ధనేరాలకు గాను 1947లో మరణశిక్ష అమలుచేశారు. 1943లో అదే థెస్సలోనికి నుంచి నలభై వేలకు పైగా యూదులను రైళ్లలో ఆష్‌విట్జ్‌కు తరలించారు. ఆ సంగతే నాకు తెలియదన్నాడు వాల్డ్‌హైమ్. తన విధి నిర్వర్తించానన్నాడు.

జనం ఆయన్నే గెలిపించారు. 1987లో అమెరికా మాత్రం తన గడ్డ మీద అడుగుపెట్టొద్దంది. 1988లో చరిత్రకారుల సంఘం నివేదిక ఇచ్చింది. ఆయన స్వయంగా నేరం చేశాడనడానికి ఆధారం దొరకలేదు. కానీ చుట్టూ జరుగుతున్న ఘోరాలు ఆయనకు తెలుసనీ, తన గతాన్ని దాచాడనీ తేల్చింది.

కాగితం బలం అంతవరకే. ఫలానా తేదీన ఫలానా చోట ఉన్నాడని చెబుతుంది. అక్కడ ఏం చూశాడో, చూసి ఏం చేశాడో చెప్పదు. అది చెప్పాల్సింది మనిషే. వాల్డ్‌హైమ్ చెప్పలేదు. అయితే ఆ గొడవ వల్ల ఆస్ట్రియాలో ఎన్నో ఇళ్లలో పిల్లలు పెద్దల్ని అడగడం మొదలుపెట్టారు. 1991లో ఆ దేశ ఛాన్సలర్ వ్రానిట్స్‌కీ పార్లమెంటులోనే తమవాళ్ల బాధ్యతను ఒప్పుకున్నాడు.

తాతను ప్రేమించడం వేరు, తాత గురించి తెలుసుకోవడం వేరు. బెర్లిన్‌కి ఉత్తరం రాసే మనవడికి ఈ రెండూ కావాలి. జవాబు ఎలా ఉంటుందో తెలియకుండానే అడుగుతున్నాడు చూడండి... ధైర్యమంటే అదే!