అరగంట ఆగితే నష్టమేముంది?

యాసంగి కోతలు వచ్చాయంటే ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రోడ్ల మీద వడ్ల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఏప్రిల్, మే ఎండల్లో నిండు లోడుతో నడిచే ఇంజను వేడెక్కడం వింత కాదు. శ్రీశైలం వెళ్లి తిరిగివచ్చే జీపులకూ ఈగలపెంట ఘాటు ఎక్కేటప్పుడు ఇదే ఇబ్బంది. అయితే ఇంజను వేడెక్కగానే కంగారుగా రేడియేటరు మూత తిప్పడమే పెద్ద ప్రమాదం.

ఆవిరి మీదున్న ప్రెషర్ కుక్కరు మూతను ఏ ఇల్లాలూ తీయదు. రేడియేటరూ అటువంటిదే. మూత బిగించి ఉన్నందున లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీసిన మరుక్షణం ఒత్తిడి పోయి, సలసల కాగే నీరు, ఆవిరి ముఖం మీదికి చిమ్ముతాయి. కళ్లు పోవచ్చు.

కనుక బండిని పక్కకు ఆపి ఇంజను బందు చేయాలి. కనీసం అరగంట ఆగాలి. రేడియేటరు పై పైపు చల్లబడిన తర్వాతనే, మందపాటి గుడ్డ వేసి, ముఖం దూరంగా ఉంచి, మూతను కొద్దిగా తిప్పి గాలి పోనిచ్చి, ఆపైన తీయాలి. కాగిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగిలే ప్రమాదముంది. ఎవరైనా కాలితే 20 నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోసి, 108కి ఫోను చేయాలి. పసుపు, పేస్టు పూయరాదు.

బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లని పెచ్చు కట్టడం మనం చూస్తూనే ఉన్నాం. రేడియేటరు గొట్టాల్లోనూ అదే పెచ్చు కట్టి, ఇంజను చల్లబడకుండా చేస్తుంది. డబ్బా మీద చెప్పిన పాళ్లలో కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో కలిపి పోసుకోవాలి. రేడియేటరు జాలికి పట్టిన గడ్డి నలుసులు, దుమ్ము దులపాలి. ఫ్యాన్ బెల్టు వదులైందేమో చూడాలి.

కూలెంటు తియ్యగా ఉండే విషం. కొద్దిగా తాగినా మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. కూల్‌డ్రింకు సీసాల్లో పోసి పిల్లలకు అందేచోట ఉంచరాదు. పాత కూలెంటును పశువులు, కుక్కలు నాకే చోట పారబోయరాదు.

చివరగా ట్రాక్టరు యజమానులకు ఒక మాట. ఆలస్యమైతే కోప్పడతారన్న భయంతోనే జీతగాడు తొందరపడి మూత మీద చెయ్యి వేస్తాడు. ఆగి తియ్యమని ముందే మీరు చెప్పాలి. అరగంట ఆలస్యమైనంత మాత్రాన వడ్ల తూకం తగ్గదు. పోయిన కన్ను మాత్రం తిరిగి రాదు.