చేతుల వయస్సు

ముఖముకంటె ముందుగా వయస్సును చాటునది చేతి వెనుకభాగము. ఏండ్లు గడచినకొలది చర్మము క్రింది కొవ్వు తరిగి, సిరలు (వాడుకలో నరములనబడునవి ఇవియే) పైకి తేలును. ఇది రోగము కాదు. అయినను పెండ్లిచూపులలో పిల్ల చేతులు పరికించు పెద్దలు, నాట్లు వేసి అంట్లు తోమిన చేతులకు వంక పెట్టుదురు.

లోటు పూడ్చుటకు కాల్షియం హైడ్రాక్సిలపటైట్ అను పదార్థమును చేతివెనుక సూదితో ఎక్కించుటకు అమెరికాలో 2015లో అనుమతి లభించినది. స్థోమతగలవారు నిపుణునిచే చేయించుకొన్న నేనాక్షేపింపను. నా భయమంతయు చవుక క్రీములను గురించియే. తెలుపు వచ్చునని ఎవరో చెప్పగా పూయువానిలో కొన్నింట స్టెరాయిడు ఉండును. నెలల తరబడి పూసినచో చర్మము పలుచబడి, దాచదలచిన సిరలే మరింత స్పష్టముగ కనబడును. ఇట్టి లేపనములు పెక్కింటిని వైద్యుని చీటీ లేక అమ్మరాదని 2018లో మన ప్రభుత్వము నియమము చేసినది. చీటీ అడుగని దుకాణములు నేటికిని కలవు.