అమ్మను దాచమన్నది నేనే

"మీ గురించి రెండు ముక్కలు చెప్పండి."

పెట్టుబడి కంపెనీల ఇంటర్వ్యూల్లో మొదటి ప్రశ్న ఇది. లెక్కల ప్రశ్నలూ, బ్యాలెన్స్ షీటు ప్రశ్నలూ తర్వాత. ముందు వాళ్ళకి కథ కావాలి. ఎక్కడ పుట్టావు, ఏం చదివావు, ఈ డబ్బు వ్యవహారం మీద ఆసక్తి ఎక్కడ మొదలైంది, ఎట్లా పెరిగింది, వేరే కంపెనీకి పోకుండా మా కంపెనీకే ఎందుకొచ్చావు. ఇదంతా రెండు నిమిషాల్లో దారం తెగకుండా చెప్పాలి. చెప్పగలిగినవాడికి 'స్పష్టత ఉంది' అంటారు. తడబడినవాడికి నమస్కారం పెట్టి పంపిస్తారు.

చూడ్డానికి చిన్న ప్రశ్నే. మన పిల్లలు అక్కడే కూలిపోతున్నారు. ఎందుకు కూలిపోతున్నారో నాకు తెలుసు. అందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి తెలుసు.

నేను ప్రకాశం జిల్లాలో లెక్కల మాస్టర్ని. మా పల్లె పిల్లవాడొకడు నా దగ్గరే తొమ్మిదో తరగతి చదివాడు. వాళ్ళమ్మ పొగాకు గ్రేడింగ్ కూలి. ఒకరోజు బారువడ్డీ పాఠం చెబుతుంటే వాడు మర్నాడు ఒక పాత కార్డు పట్టుకొచ్చాడు. 2010లో వాళ్ళమ్మ మైక్రోఫైనాన్స్ కంపెనీ దగ్గర తీసుకున్న అప్పు కార్డు. పదివేలు అప్పు. వారానికి 225 చొప్పున 50 వారాలు. మొత్తం 11,250. నేను బోర్డు మీద లెక్క వేసి "పన్నెండున్నర శాతం" అన్నాను. వాడు ఒప్పుకోలేదు.

"కాదు సార్. మా అమ్మ వారం వారం కడతానే ఉంది గదా. అసలు తగ్గతానే ఉంది గదా. చివరి వారం ఆమె దగ్గిర వాళ్ళ డబ్బు రెండొందలే ఉంది. మరి వడ్డీ పదివేల మీద ఎందుకు కట్టింది?"

క్లాసంతా నా వైపు చూసింది. వాడు చెప్పింది నిజం. ఏడాది పొడవునా సగటున ఆమె చేతిలో ఉన్న అప్పు ఐదువేల పైచిలుకు. దాని మీద 1,250 వడ్డీ అంటే పన్నెండున్నర ఎక్కడ, పాతిక దగ్గరికి పోతుంది. ఆ కంపెనీలు మన ఆడవాళ్ళకి చూపించిన శాతం ఒకటి, గుంజుకున్న శాతం ఇంకొకటి. 2010లో మన రాష్ట్రంలో ఈ కిస్తీల బాధ పడలేక మనుషులు ప్రాణాలు తీసుకున్నారనీ, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చిందనీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అదే ఏడాది ఆ కంపెనీల్లో ఒకటి షేర్ మార్కెట్టు ఎక్కింది. దాన్ని అంతెత్తుకి పెంచిన డబ్బు పెట్టుబడి సంస్థలదే.

ఇప్పుడు చెప్పండి. పెట్టుబడి కంపెనీలో ఉద్యోగానికి ఇంతకంటే పెద్ద అర్హత ఏం కావాలి? అప్పు కాగితంలో రాసిన శాతానికీ నిజంగా పడే శాతానికీ తేడా పద్నాలుగేళ్ళ వయసులో పట్టుకున్న పిల్లవాడు వాడు. ఆ వ్యాపారాన్ని మేడ మీద నుంచి కాదు, గడప దగ్గర నుంచి చూసినవాడు.

వాడు బీకాం చేశాడు. ఎంబీయే ఫైనాన్స్ చేశాడు. హైదరాబాదులో ఒక పెట్టుబడి కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ముందురోజు రాత్రి నాకు ఫోన్ చేశాడు, "సార్, నా గురించి చెప్పమంటే ఏం చెప్పాలి?" అని. నలభై ఏళ్ళు దాటినవాణ్ణి, అంబేద్కర్ విగ్రహాలకి దండలేసి మైకుల్లో మాట్లాడేవాణ్ణి, నేను వాడికి ఏం నేర్పానో తెలుసా? "నాన్న వ్యవసాయం, అమ్మ గృహిణి అని చెప్పు. అప్పు సంగతీ కిస్తీ సంగతీ ఎత్తమాక. మా బాబాయి షేర్లు కొనేవాడు, ఆయనతో కూర్చుని టీవీలో బిజినెస్ వార్తలు చూసేవాణ్ణి, అట్టా ఆసక్తి కలిగింది అని చెప్పు."

వాడు అట్టాగే చెప్పాడు. ఎదురుగా కూర్చున్నాయన మర్యాదస్తుడే. ఆసక్తిగా ముందుకి వంగి అడిగాడంట, "మీ బాబాయి మొదట కొన్న షేర్ ఏది? ఎందుకు కొన్నారు?" అని.

వాడి బాబాయి ఒంగోల్లో ఆటో తోలతాడు.

ఆ తర్వాత అడిగిన ప్రశ్నలకి వాడికి జవాబులు తెలిసి కూడా నోరు రాలేదు. ఇంటికొచ్చి నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అమ్మ కార్డు సంగతి చెప్పుంటే పది నిమిషాలు ఆపకుండా మాట్లాడేవాణ్ణి సార్" అన్నాడు, అంతే.

నేనెందుకు అట్టా నేర్పాను? నాకూ అట్టాగే అలవాటైంది గనక. బీఈడీ అయ్యాక ఒక ప్రైవేటు స్కూల్లో ఇంటర్వ్యూకి పోతే కరస్పాండెంటు "నాన్నగారు ఏం చేస్తుంటారు?" అన్నాడు. మా నాన్న పాలేరు. "వ్యవసాయమండీ" అన్నాను. "ఎన్నెకరాలు?" అన్నాడు. "నాలుగు" అన్నాను. శిస్తు లేని ఆ నాలుగెకరాలు ఇప్పటికీ నా నెత్తి మీద ఉన్నాయి. మనలో చదువుకున్న మొదటి తరం వాళ్ళందరికీ ఇట్లాంటి దొంగ పొలాలు ఒకటో రెండో ఉంటాయి. అవే ఇప్పుడు పిల్లలకి రాసిస్తున్నాం.

అవతలివాళ్ళ సంగతీ చూద్దాం. ఆ ప్రశ్న అందరికీ ఒకటే గదా, ఇందులో కులం ఎక్కడుంది అంటారు. ఆడిటరు కొడుక్కి కథ ఇంట్లోనే తయారై ఉంటుంది. తాత బ్యాంకు మేనేజరు, నాన్న ఆడిటరు, పుట్టినరోజుకి నాన్న పది షేర్లు కొనిచ్చాడు, కాలేజీ సెలవల్లో మామయ్య కంపెనీలో ఇంటర్న్‌షిప్పు. దారం ఎక్కడా తెగదు, ఎందుకంటే దారం వాళ్ళ ఇంటిదే. మనవాడి దారం పదిచోట్ల తెగుంటుంది. తెగిన ప్రతిచోటా ఒక హాస్టలు వార్డెనో, రాని స్కాలర్‌షిప్పో, ఇంట్లో ఒక జబ్బో ఉంటుంది.

ఈ మాట నా కడుపుమంట కాదు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ కలిసి ఒక పని చేశారు. పేపర్లో ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలు చూసి, ఒకే అర్హతలతో దరఖాస్తులు పంపారు. తేడా పేర్లలోనే. కొన్ని అగ్రకులం పేర్లు, కొన్ని దళిత పేర్లు, కొన్ని ముస్లిం పేర్లు. 66 వారాలు, 4,808 దరఖాస్తులు. వాళ్ళు దరఖాస్తు పెట్టిన వాటిలో పెట్టుబడి కంపెనీలూ ఉన్నాయి. అగ్రకులం పేరుకి పిలుపు వచ్చే అవకాశంతో పోలిస్తే దళిత పేరుకి మూడింట రెండొంతులే వచ్చింది. ముస్లిం పేరుకి మూడో వంతు. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 25 కంపెనీల నియామక అధికారులని కలిసి మాట్లాడారు. కులం చూస్తామని ఎవరూ అనలేదు, ప్రతిభే చూస్తామన్నారు. అంటూనే 'కుటుంబ నేపథ్యం' తప్పనిసరిగా అడుగుతామని కూడా చెప్పారు! 2012లో వచ్చిన ఇంకో లెక్కలో దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్లని తీస్తే నూటికి 93 మంది అగ్రకులాలే. ఎస్సీ ఎస్టీలు కలిపి మూడున్నర.

'కుటుంబ నేపథ్యం' అంటే ఏమిటో మనకి వేరే చెప్పాలా? ఇంటిపేరు అడుగుతారు. ఎంట్రెన్సులో ర్యాంకెంత అంటారు. ర్యాంకు చెబితే ఏ కోటాలో సీటొచ్చిందో లెక్క కట్టుకుంటారు. నోటితో కులం అనే మాటే ఎత్తరు.

వందేళ్ళ కిందట బాబాసాహెబ్‌కి జరిగింది ఇదే. ఆయన్ని మనం న్యాయశాస్త్రం మనిషిగా విగ్రహాల్లో నిలబెట్టుకున్నాం గానీ ఆయన మొదటి చదువు డబ్బు చదువు. బరోడా మహారాజా స్కాలర్‌షిప్పుతో 1913లో కొలంబియా పోయి అర్థశాస్త్రం చదివాడు. 1917లో బరోడా కొలువుకి వస్తే ఉండటానికి ఒక్క గది దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. బొంబాయి తిరిగొచ్చి ఆయన పెట్టిన వ్యాపారాల్లో ఒకటి ఏమిటో చాలామందికి తెలియదు. షేర్లు, వాటాలు కొనేవాళ్ళకి సలహాలిచ్చే వ్యాపారం. అంటే ఈనాటి పెట్టుబడి సలహా కంపెనీయే. మొదట బాగానే జరిగింది. సలహా ఇచ్చేవాడు అంటరానివాడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. సలహా తప్పని మానలేదు. ఆ మనిషే 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చువేశాడు, హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూర్చుని రూపాయి గురించి సాక్ష్యం చెప్పాడు.

కాబట్టి "మావాళ్ళకి ఫైనాన్స్ కొత్త, ఏం చెప్పుకోవాలి" అనేవాళ్ళు కాస్త ఆలోచించాలి.

ఇంకో జబ్బు కూడా మొదలైంది. కోచింగుల వాళ్ళు కొందరు "మీకు కష్టాల కథ ఉంది గదా, అదే చెప్పండి, కరిగిపోతారు" అని నేర్పుతున్నారు. కరుగుతారు. ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడని ఒక పిల్ల నాతో సంబరంగా చెప్పింది. ఉద్యోగం మాత్రం పక్క కుర్చీవాడికిచ్చారు. దాచిపెట్టినా, ఏడుపుగా చెప్పినా రెండింటిలోనూ మన పిల్లల తెలివి మాయమైపోతుంది. ఒక దాంట్లో లేని బాబాయి కనబడతాడు, ఇంకో దాంట్లో పూరిగుడిసె కనబడుతుంది.

ఆ పిల్ల సంగతే తీసుకోండి. డిగ్రీ తర్వాత ఏడాది ఖాళీ ఉంది ఆమెకి. ఫీజు రీయింబర్స్‌మెంటు డబ్బు రాలేదని కాలేజీవాళ్ళు సర్టిఫికెట్లు ఆపేశారు. ఆ ఏడాది గుంటూర్లో మిర్చి వ్యాపారి దగ్గర గుమాస్తా పని చేసింది. ధర పడినప్పుడు సరుకు అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి అద్దె కడతా ఆగాలా అని వాళ్ళు తర్జనభర్జన పడుతుంటే లెక్కలు కట్టింది ఈమే. ఇంటర్వ్యూలో "ఈ ఏడాది ఏం చేశారు?" అంటే తలొంచుకుని "ఆర్థిక ఇబ్బందుల వల్ల ఖాళీగా ఉన్నాను" అందంట. సరుకు పట్టుకుని ఎంతకాలం ఆగాలి, ఆగితే ఎంత ఖర్చు, అమ్మితే ఎంత నష్టం. పెట్టుబడి కంపెనీలో రోజూ చేసే పని ఇదే గదమ్మా! దాన్ని ఖాళీ అంటావా?

అందుకని ఇప్పుడు పిల్లలకి నేను చెప్పేది మారింది. కథని ఇబ్బందులతో కుట్టమాక, నిర్ణయాలతో కుట్టు. అప్పుడు నా ముందు ఏమున్నాయి, నేను ఏది ఎంచుకున్నాను, ఎందుకు, దాంతో ఏం నేర్చుకున్నాను. ఒక కాగితం, ఒక అంకె, ఒక రోజు పట్టుకుని మొదలుపెట్టు. పదివేలు, 50 వారాలు, 225. అక్కడి నుంచి బీకాం, బీకాం నుంచి ఎంబీయే, అక్కడి నుంచి ఈ కుర్చీ. రెండు నిమిషాలు చాలు. నాన్న గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు ఒక్క వాక్యంలో చెప్పి పనిలోకి రా.

మొన్న మీటింగులో ఒక పెద్దాయన లేచి నిలదీశాడు. "కులం చెప్పుకోమంటావా మాస్టారూ? ఉద్యోగం పోతే నువ్విస్తావా?" సరైన ప్రశ్నే. కులం చెప్పుకోమని నేననను. అడిగే హక్కు వాడికి లేదు, చెప్పాల్సిన అవసరం వీడికి లేదు. కానీ అమ్మ చేసిన పనినీ, తను చేసిన పనినీ చెరిపేసి ఇంకొకరి ఇంటి కథ తొడుక్కోమనడం వేరే సంగతి. నిజం చెప్పినా ఉద్యోగం పోవచ్చు. అదీ నేను దాచను. పోయినప్పుడు ఆ తప్పు వాళ్ళదవుతుంది. మా పిల్లవాడి విషయంలో తప్పు నాది అయింది.

ఇక కంపెనీలకి కూడా రెండు మాటలు. మీ ఊళ్ళో ఆఫీసు పెట్టడానికి భూములూ రోడ్లూ కరెంటూ ప్రభుత్వం దగ్గర తీసుకుంటున్నారు. రాజ్యాంగం 16(4) ప్రైవేటు ఉద్యోగాలకి వర్తించదని చేతులు దులుపుకుంటున్నారు. ప్రైవేటులో రిజర్వేషన్ అడగటం మేం మానం. అది వచ్చేలోగా ఇంటిపేరు, తండ్రి పని, ఎంట్రెన్సు ర్యాంకు అడగటం ఆపండి. అందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే వరసలో అడగండి, మార్కులు కాగితం మీద వేయండి. కంపెనీని తూచేటప్పుడు నిరుడెంత, ఈ ఏడెంత అని చూస్తారు గదా. ఎక్కణ్ణుంచి మొదలైందో చూడకుండా దాని పెరుగుదల చెప్పమంటే ఒప్పుకుంటారా? మనుషుల దగ్గరికొచ్చేసరికి ప్రారంభ నిల్వ కాలమ్ ఎందుకు కొట్టేస్తున్నారు?

మా పిల్లవాడు మళ్ళీ దరఖాస్తులు పెడుతున్నాడు. వచ్చే ఆదివారం ఉదయం పది నుంచి మా పల్లె కమ్యూనిటీ హాల్లో అలవాటు ఇంటర్వ్యూలు పెడుతున్నాం. బ్యాంకుల్లో చేసే మనవాళ్ళు ఇద్దరు ప్రశ్నలడగడానికి వస్తామన్నారు. డిగ్రీ అయిన పిల్లల్ని, ఆడపిల్లల్ని ముఖ్యంగా, పంపండి. బయోడేటాతో పాటు ఇంట్లో పెట్టె అడుగున ఉన్న అప్పు కార్డులు, కిస్తీ రసీదులు, డ్వాక్రా పుస్తకాలు కూడా తెమ్మనండి. మొదటి ఇంటర్వ్యూ వాడిదే. ప్రశ్న అడిగేది వాళ్ళమ్మ.