బండి క్రింది చమురు మరక

బండి నిలిపిన చోట నేలపై నల్లని మరక కనబడినచో నీళ్లు చల్లి కడిగివేసి ఊరకుండుట పెక్కిండ్లలో వాడుక. ఆ మరక బండి తన జబ్బును చెప్పుకొను తీరు. దానిని గుర్తింప నేర్చిన గృహిణి కుటుంబమునకు వేలకొలది రూపాయలను, ఒక్కొక్కయెడ ప్రాణమునే కాపాడగలదు.

టాటా సుమో 1994లోను, క్వాలిస్, బొలేరో బండ్లు 2000లోను, స్కార్పియో 2002లోను మన దేశమున వెలువడినవి. ఆ నాళ్లలో కొన్న బండ్లు నేటికిని పెండ్లిండ్లకును తీర్థయాత్రలకును అక్కఱకు వచ్చుచునే యున్నవి. ఇనుము చెడకున్నను, ఇనుప భాగముల నడుమ నుంచిన రబ్బరు సీళ్లును గాస్కెట్లును ఏండ్ల తరబడి వేడికి కాగి, గట్టిపడి, పగులును. ముసలి బండి చమురు కాఱుటకు ఇదియే తఱచైన కారణము.

మొట్టమొదట కాఱుచున్న దేదియో తెలిసికొనవలెను. రాత్రి బండి క్రింద తెల్లని అట్ట పఱచి, ఉదయమున రంగును వాసనను పరీక్షింపుడు. డీజిలు బండిలోని ఇంజను ఆయిలు నల్లగా నుండును. గేరు ఆయిలు చిక్కనై గంధకపు కంపు కొట్టును. పవరు స్టీరింగు ఆయిలు తఱచు ఎఱ్ఱగా నుండును. రేడియేటరు కూలెంటు ఆకుపచ్చగానో ఎఱ్ఱగానో యుండి తియ్యని వాసన వేయును. అది విషము గనుక పిల్లలను దగ్గఱకు రానీయరాదు. ఏసీ నడచిన పిదప కాఱు తేటనీటికి మాత్రము భయపడ నక్కఱలేదు. చక్రము లోపలి ప్రక్క పలుచని ద్రవముతో తడిసి, బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టము తగ్గినను, పెడలు మెత్తబడి లోనికి దిగిపోవుచున్నను, ఆ బండిని కదపక మెకానిక్కును ఇంటికే పిలిపింపవలెను.

ఇక ముఖ్యమైన మాట. చుక్క పడు చోటు వేఱు, చమురు పుట్టు చోటు వేఱు. పెంకుటింటి కప్పులో ఒకచోట దిగిన వాననీరు దూలము వెంట ప్రాకి మఱియొకచోట పడుట మనము చూచినదే. ఇంజను తలపై మూతకున్న గాస్కెట్టు చెడినచో, చమురు ఇంజను వెనుక ప్రక్కగా దిగి, గేరుబాక్సు కలియు చోట చుక్కలుగా పడును. దానిని జూచి, “వెనుక సీలు పోయినది, గేరుబాక్సు దింపవలె”నని పలుకుట కలదు. గాస్కెట్టు మార్చుట చౌక పని. గేరుబాక్సు దింపుట పెద్ద ఖర్చు. కావున పని ఒప్పుకొనుటకు ముందు, చల్లారిన ఇంజనును శుభ్రముగా తుడిపింపుడు. అనుమానమున్న చోట్ల మనము మొగమునకు వాడు పౌడరునే పలుచగా చల్లించి, 10, 15 కిలోమీటర్లు నడిపించి, ఇంజను ఆపి, టార్చి వేసి చూడుడు. అన్నిటికంటె పైన, ముందువైపున, పౌడరు తడిసిన చోటనే చమురు పుట్టుచున్నదని యెన్నవచ్చును. ఆ చోటును కంటికి చూపుమని మెకానిక్కు నడుగుటకు మొగమాటము వలదు.

గాస్కెట్టు మార్పించినను కొలది నెలలలో మరల కాఱినచో, కారణము వేఱొకటి కావచ్చును. ప్రెషరు కుక్కరు ఆవిరిగొట్టమున మెతుకు అడ్డుపడినచో ఆవిరి గాస్కెట్టు ప్రక్కనుండి తన్నుకొని వచ్చునుగదా! ఇంజనుకును అట్టి ఊపిరిగొట్ట మొకటి గలదు. దానిని బ్రీదరు అందురు. అది మడ్డితో పూడినచో లోపలి ఒత్తిడి చమురును సీళ్లగుండ వెలికి త్రోయును. ముందు దానిని శుభ్రము చేయింపక క్రొత్త గాస్కెట్లు వేయించుట డబ్బు వృథా. బ్రీదరు బాగుగనే యుండియు ఆయిలు పోయు మూత తీసినంతనే పొగ బలముగా పైకి చిమ్మినచో, పిస్టను రింగులు అఱిగినవేమో పరీక్షింపవలసియుండును.

వారమున కొకమాఱు, సమమైన నేలపై బండి నిలిపి, ఇంజను ఆపిన 10 నిమిషములకు కొలపుల్ల తీసి తుడిచి, మరల ముంచి చూడుడు. చమురు రెండు గుర్తుల నడుమ నుండవలెను. పై గుర్తు దాటి పోయరాదు. చమురు మజ్జిగవలె తెల్లబడినచో అందు నీరు కలసినదని గ్రహించి, ఇంజను నడుపరాదు. దారిలో ఆయిలు గుర్తుగల ఎఱ్ఱదీపము వెలిగినచో, ఇంటికి చేరువలోనే యుంటిమిగదా యని సాగిపోక, తక్షణమే ప్రక్కకు నిలిపి ఇంజను ఆపవలెను. చమురు ఒత్తిడి లేక కొలది నిమిషములు నడచినను ఇంజను పట్టివేయవచ్చును. వేడి పొగగొట్టముపై చమురు పడుచున్నచో మంటలు లేచు భయము గలదు. దానిని వాయిదా వేయరాదు.

కేవలము జాకీ ఆధారముగా నిలిపిన బండి క్రిందికి ఎవ్వరును దూరకుండ చూడుడు. తీసిన పాత చమురును మురుగుకాలువలో పోయనీయకుడు.

పాలపద్దు వ్రాయు పుస్తకముననే ఒక పుట బండికి కేటాయించి, చమురు పోసిన తేదీని, పోసిన కొలతను, అప్పటికి తిరిగిన కిలోమీటర్లను వ్రాసియుంచుడు. నెలనెలకు కొలత పెరుగనిచో, సన్నని చెమ్మకు తొందరపడ పనిలేదు. పెరుగుచున్నచో, బాగుచేయింతమా అమ్మివేయుదమా యను ప్రశ్న ఇంటిలో వచ్చిన నాడు, ఆ పుటయే మీ మాటకు బలమగును.