‘నీ చేతుల్లోనే ఉంది’ అంటే సరిపోదు

పరీక్షలు దగ్గరపడితే చాలు, పెద్దలందరూ పిల్లలకు చెప్పే మాట ఒకటే: ‘అంతా నీ చేతుల్లోనే ఉంది.’ ఇందులో నిజం లేకపోలేదు. తన మంచిచెడ్డలకు తన ప్రయత్నమే కారణమని కొందరు నమ్ముతారు; తలరాతో, ఎదుటివాళ్ల దయో కారణమని మరికొందరు నమ్ముతారు. ఈ తేడాను జూలియన్ రోటర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ‘లోకస్ ఆఫ్ కంట్రోల్’ అన్నారు. దాన్ని కొలిచే ప్రశ్నావళిని 1966లో ప్రచురించారు. ఒత్తిడి వేళ మొదటి రకంవారే నిలదొక్కుకుంటారన్నది సాధారణ అభిప్రాయం. కానీ ఆ నమ్మకం హితబోధతో పుట్టదు. చేసిన పనికి ఫలితం కళ్లబడితే పుడుతుంది, కనబడకపోతే చస్తుంది.

దీనికి మంచి సాక్ష్యం ఒక వరద. 1972 జూన్‌లో ఆగ్నెస్ తుపాను అమెరికాలోని పెన్సిల్వేనియాను ముంచెత్తింది. దెబ్బతిన్న చిన్న వ్యాపారుల్లో 90 మందిని కార్ల్ ఆండర్సన్ అనే పరిశోధకుడు రెండున్నరేళ్లపాటు గమనించి, 1977లో ఫలితాలు వెల్లడించారు. తమ ప్రయత్నాన్ని నమ్ముకున్నవారికి ఒత్తిడి తక్కువగా అనిపించింది. వాళ్లు నష్టాన్ని పూడ్చుకునే పనుల్లో పడ్డారు, వ్యాపారాన్నీ మెరుగ్గా నడిపారు. తక్కినవారిలో కోపతాపాలు, ముడుచుకుపోవడం ఎక్కువ. అసలు విశేషం ఆ తర్వాతిది. మొదటి రకంలో గెలిచినవారికి తమ మీద నమ్మకం ఇంకా పెరిగింది. రెండో రకంలో ఓడినవారు విధివాదంలో మరింత కూరుకుపోయారు. అంటే నమ్మకం ఫలితాన్ని మార్చినట్టే, ఫలితమూ నమ్మకాన్ని మారుస్తుంది.

అలాగైతే ఓడినవాడిదే తప్పా అని ఎవరైనా అడగవచ్చు. కానే కాదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే వచ్చినవి 99. ఆ అమ్మాయి ఎంత ఆత్మవిశ్వాసంతో ఉన్నా ఆ సున్నాను ఆపగలిగేది కాదు. చేతిలో లేనిదాన్ని ఉందని నమ్మిస్తే మిగిలేది అపరాధభావమే. పరిస్థితి మారనప్పుడు మనసును కుదుటపరచుకోవడమూ సరైన మార్గమేనని మనస్తత్వ శాస్త్రవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లోనే వివరించారు. ఏడ్చే పిల్లను ‘ఏడవకు, చదువుకో’ అని కసరడం అందుకే పొరపాటు.

పరిస్థితిపై కాస్త పట్టు దొరికితే మనిషి ఎంత మారతాడో మనస్తత్వ శాస్త్రవేత్తలు గ్లాస్, సింగర్ చేసిన ప్రయోగాలు చూపాయి. భరించలేని చప్పుడు వినిపిస్తూ, కొందరికి మాత్రం దాన్ని ఆపే మీట ఇచ్చారు, వీలైనంతవరకు నొక్కవద్దన్నారు. చాలామంది నొక్కలేదు. అయినా ఆ తర్వాత ఇచ్చిన ప్రూఫు దిద్దే పనిలో, మీట లేనివారికంటే వీరు తక్కువ తప్పులు చేశారు. నొక్కకపోయినా, అది ఉందన్న ధీమా పనిచేసింది.

చదువుల్లోనూ పిల్లలకు ఆ మీటలాంటి వెసులుబాట్లు ఇస్తే క్రమశిక్షణ పోతుందనే వాదన ఉంది. కానీ నిమిషం ఆలస్యమైతే పరీక్ష రాయనివ్వని నిబంధనకు 2024లో తెలంగాణ ఇంటర్ బోర్డు 5 నిమిషాల సడలింపు ఇచ్చింది. దానివల్ల ప్రశ్నపత్రం తేలికైపోలేదు. ట్రాఫిక్ చేతిలో ఉన్న విద్యార్థి భవితవ్యం కొంతైనా అతని చేతికొచ్చింది. రీవెరిఫికేషన్, సప్లిమెంటరీ కూడా అలాంటివే. వాటి సంగతి ఫలితాల రోజున కాదు, పరీక్షలకు ముందే ప్రతి విద్యార్థికీ తెలియాలి. కాలేజీలు ర్యాంకుల ఫ్లెక్సీలు పక్కనపెట్టి, ఏ పాఠంలో వెనకబడ్డాడో, ఈ వారం ఏం చదివితే అందుకోగలడో పిల్లవాడికి చెప్పాలి. అలా చేయకుండా ‘నీ చేతుల్లోనే ఉంది’ అనడం ధైర్యం చెప్పడం కాదు, మన బాధ్యతను పిల్లల నెత్తిన రుద్దడం.