రత్నపరీక్ష సరే, సానపట్టే విద్య ఏదీ?

మన వాఙ్మయంలో రత్నాలకు కొరత లేదు. వాత్స్యాయనుడు అరవైనాలుగు కళలను లెక్కించినప్పుడు రూప్యరత్నపరీక్షనూ మణిరాగాకరజ్ఞానాన్నీ వాటిలో చేర్చినాడు. అంటే రాళ్ళను గూర్చిన తెలివి వర్తకునికే కాక, సంస్కారం గల స్త్రీపురుషులకు శోభించే విద్య అన్నమాట. బుద్ధభట్టుని రత్నపరీక్ష, వరాహమిహిరుని బృహత్సంహితలోని రత్నాధ్యాయాలు రాయి పుట్టుక, వన్నె, దోషం, వెల, ధారణఫలం చెబుతాయి. ఏ వాలున అరగదీయాలి, ఏ పొడితో మెరుగుపెట్టాలి అన్నది వాటికి ప్రధానవిషయం కాదు. ఆ విద్య పనివాని చేతిలోనే ఉండిపోయింది. తండ్రి కొడుక్కు నేర్పినంత కాలం నిలిచింది. కొడుకు వేరొక ఉద్యోగానికి పోయినచోట తెగిపోయింది.

నేటికీ మన అంగళ్ళలో రత్నాల పుస్తకం అడిగితే ఏ రాశికి ఏ రాయి అన్నదే చేతికిస్తారు. జ్యోతిషం మీద నాకు వైరం లేదు. కానీ ఒక గులకరాయిని స్వయంగా సానపట్టాలని కోరిక పుట్టిన పిల్లవానికి ఆ పుస్తకం ఎందుకూ కొరగాదు.

ఇతర దేశాలలో ఈ పని వృత్తివారి గడప దాటి ఎన్నడో వినోదవిద్య అయింది. అమెరికాలో 1947లోనే ఈ అభిరుచి గలవారి కోసం లాపిడరీ జర్నల్ అనే పత్రిక వెలువడింది. అదే ఏడు అక్కడి ఖనిజప్రియుల సంఘాలన్నీ కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడినాయి. 1955లో జాన్ సింకంకస్ రాతికోత మీద వ్రాసిన గ్రంథం తరతరాల అభ్యాసకులకు ఒజ్జబంతి. ఆయన వజ్రాల వర్తకుడు కాడు, నౌకాదళాధికారి! జార్జియా రాష్ట్రంలోని విలియం హాలండ్ పాఠశాలలో అనుభవజ్ఞులు స్వచ్ఛందంగా వారం రోజుల తరగతులు చెబుతారు. ఎవరైనా కొత్త కోతను రూపొందిస్తే పటమూ, కోణాలూ నలుగురికీ పంచిపెడతారు. స్ఫటికం అడుగు పలకల వాలు 41 డిగ్రీలకు తగ్గితే వెలుగు కిందికి జారిపోయి రాయి నడుమ కిటికీ తెరచినట్లు బోసిగా కనబడుతుంది. 43 దగ్గర తీరిస్తే అదే వెలుగు తిరిగి కంటికి చేరుతుంది. ఇంత చిన్న మాటను తెలుగులో చదివినవారెందరు?

మనవారికి నేర్పు లేక కాదు. పదిహేడవ శతాబ్దంలో గోలకొండ రాజ్యపు గనులను చూచిన టావెర్నియే, ఇక్కడి పనివారు దోషం లేని వజ్రాన్ని బరువు తగ్గకుండా పైపైనే సానపడతారనీ, దోషమున్నదాన్ని మాత్రం అనేక పలకలతో కప్పుతారనీ వ్రాసినాడు. అది అజ్ఞానం కాదు, ఒక నిర్ణయం. లండనులో 1852లో కోహినూరును తిరగకోసినవారు మెరుపు కోసం నలభై శాతానికి పైగా బరువు పోగొట్టినారు. ఎవరిది సౌందర్యదృష్టి అన్నది వాదించుకోవచ్చు. మన వైపు వాదం వ్రాసిపెట్టినది పరదేశి కావడమే నాకు వెలితి. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గార్నెట్లు ప్రాచీన అరికమేడు పూసలతో సరిపోలుతున్నాయని 2010 తరువాతి పరిశోధనలు చెబుతున్నాయి. ఆ పూసలను తీర్చినవారి మాట ఒక్కటీ మనకు మిగలలేదు.

పని మొదలుపెట్టడానికి యంత్రం అక్కరలేదు. గోదావరి ఒడ్డున ఏరుకున్న చారల అగేటు, ఒక మందపాటి గాజుపలక, 220, 600, 1200 నంబర్ల కార్బొరండం పొడి, చివరి మెరుగుకు తోలు మీద సీరియం ఆక్సైడు చాలు. ఒక ముఖం నునుపు తేలడానికి నాకు నాలుగైదు సాయంత్రాలు పడుతుంది. ఒక్క నంబరు మారినప్పుడల్లా రాయినీ చేతులనూ బాగా కడుక్కోవాలి. అన్నిటికన్నా ముందు చెప్పవలసినది వేరొకటి ఉన్నది: తడి లేకుండా అరగదీయరాదు. గుజరాతులోని ఖంభాతులో అగేటు పొడి పీల్చి సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు పాడై మరణించిన కార్మికులెందరో. తెలుగులో ఈ విద్య మీద పుస్తకమంటూ వస్తే మొదటి పుట ఇదే కావాలి.

మాటల కొరత అంటారా? సంస్కృత శాణం మన నోట సాన అయి ఎన్ని శతాబ్దాలైందో! ఆంగ్లంలోని ఫాసెట్‌కు పలక, గర్డిల్‌కు నడుము, రాతిని అంటించే డాప్‌కు లక్కపుల్ల అని నేను వాడుకుంటున్నాను. నావి ఇంట కూర్చుని కూర్చిన మాటలు. మీ ఊళ్ళలో సానపట్టే వృద్ధులు, స్వర్ణకారులు వీటిని ఏమని పిలుస్తారో అడిగి వ్రాసి పంపగలరు. పనివారి మాట దొరికిన రోజున నా మాట తీసివేస్తాను.